‘రంగు మారేవరకు’ అంటే ఎంతవరకు?

సంపాదకులు గారికి,

నమస్కారం. ముప్పై ఏళ్లుగా మీ పత్రిక చదువుతున్నాను. ఇంతకు ముందు ఒక్కసారే ఉత్తరం రాశాను. అది గళ్లనుడికట్టులో దొర్లిన తప్పు గురించి. ఇది రెండోది, ఇదీ తప్పు గురించే.

ఏప్రిల్ చివరి ఆదివారం అనుబంధంలో ‘కోటీశ్వరుల బిస్కెట్టు’ అనే వంటకం వేశారు. స్కాట్లండ్‌లో ఇంటింటా చేసుకునే మిలియనీర్స్ షార్ట్‌బ్రెడ్‌కు మీరు పెట్టిన తెలుగు పేరు అది. అడుగున బిస్కెట్టు పొర, మధ్యన కారమెల్, పైన చాక్లెట్. మిలియన్ అంటే పది లక్షలేనండీ, కోటి కాదు. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని, మొదట నా కంట పడింది అదే. పేరు సంగతి అలా ఉంచుదాం. పేరు తప్పయితే నోరు కాలదు.

మే నెలలో మా మనవరాలికి పదేళ్లు నిండాయి. బెంగళూరు నుంచి సెలవులకు వచ్చి ఉంది. డాబా మీద వేడుక చేద్దామని వీధిలో పిల్లల్నీ పెద్దల్నీ కలిపి నలభై మందిని పిలిచాం. కేకు ఏలూరులో చెప్పి చేయిస్తానని అల్లుడుగారు అన్నారు. పిల్ల మాత్రం మీ అనుబంధం తెచ్చి బొమ్మ మీద వేలు పెట్టి, “అమ్మమ్మా, ఇది నువ్వు చెయ్యి” అంది. ఆ బొమ్మలో మూడు పొరలూ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. సరేనన్నాను.

గొప్ప చెప్పుకోవడం కాదుగానీ, ధనుర్మాసం వచ్చిందంటే మా వీధిలో అరిసెల పాకం చూడటానికి నన్నే పిలుస్తారు. బెల్లం ఇంట్లో పెట్టుకుని, పిండి కొట్టించుకుని, పొయ్యి వెలిగించాక గుమ్మంలోంచి కేకేస్తారు: “వదినగారూ, ఒక్కసారి వచ్చి చూడండి.” పంచదార కరగబెట్టడంలో నాకొకరు చెప్పాలా అనే ధీమాతోనే గరిటె పట్టుకున్నాను. ఆ ధీమా బుధవారం సాయంత్రానికి దిగిపోయింది.

మొదటి దెబ్బ వెన్నతో తగిలింది. ‘వెన్న ఒక కప్పు’ అని రాశారు. మా ఇంట్లో వెన్న అంటే కవ్వంతో చిలికి తీసి చల్లటి నీళ్లలో వేసుకునే తెల్లటి ముద్ద. అదే కొలిచి మైదాలో కలిపాను. పిండి పొడిపొడిగా ఉండాల్సింది పోయి చపాతీ ముద్దలా సాగింది. చిన్న కరెంటు ఓవెన్‌లో పెట్టి తీస్తే బిస్కెట్టు బదులు పలక తయారైంది. మా వారు ఒక ముక్క కొరికి, పన్ను చూసుకుని, మాట్లాడకుండా పేపరు చదువుకోవడానికి వెళ్లిపోయారు. కారణం తరవాత ఆలోచిస్తే తెలిసింది. ఇంటి వెన్నలో ఎంత పిండినా నీళ్లూ మజ్జిగా మిగిలే ఉంటాయి. అంగట్లో కట్టలుగా అమ్మే వెన్నలో కొవ్వు నూటికి 80 పాళ్లకు తగ్గకూడదని నియమం ఉంది. మైదాకు నీళ్లు తగిలి మర్దన పడితే సాగుతుందని పరోటాలు చేసే ప్రతివారికీ తెలుసు. ఈ బిస్కెట్టుకు ఆ సాగుడే పనికిరాదు, నోట్లో సున్నుండలా విడిపోవాలి. మీరు ‘అంగట్లో దొరికే ఉప్పు లేని వెన్న’ అని నాలుగు మాటలు ఎక్కువ రాసి ఉంటే ఆ పలక పుట్టేది కాదు.

ఇక ఆ కప్పు. ఎవరింటి కప్పండీ? మా ఇంట్లో కాఫీ కప్పులు మూడు రకాలు, ఒకదానికొకటి పొంతన లేదు. మా అమ్మమ్మ కాలంలో రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని ఊరంతటికీ ఒకటే లెక్క ఉండేది. ‘కండెన్స్‌డ్ మిల్క్ ఒక డబ్బా’ అన్నారు. మా వీధి కొట్టులో రెండు సైజుల డబ్బాలున్నాయి. పళ్లెం ఎంతదో రాయలేదు, ‘పన్నెండు మందికి’ అన్నారు. పన్నెండు మంది ఎంతెంత తింటారో మీకెలా తెలిసింది?

అసలు గొడవ కారమెల్ దగ్గర. మీరు రాసిన వాక్యం యథాతథంగా: ‘వెన్న, పంచదార, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి రంగు మారేవరకు ఉడికించాలి.’ అంతే. ఏ రంగు? తేనె రంగా, బెల్లం రంగా, చింతపండు రంగా? పైగా నేను వాడింది నల్లటి నాన్‌స్టిక్ బాణలి. నలుపు మీద ఏ రంగు చూసినా ఒకేలా ఉంటుంది. గరిటెతో ఎత్తి దీపం కింద పెట్టి చూస్తే తేనె రంగు కనిపించింది. మాడిపోతుందేమోనని భయపడి దించేశాను. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున కత్తి దించితే పైన చాక్లెట్ పెళ్లున పగిలి, మధ్యనున్న కారమెల్ రెండు పక్కలనుంచీ జారి పళ్లెంలోకి వచ్చేసింది. మనవరాలు చెంచాతో తిని బాగుందనే చెప్పింది. దాని సాక్ష్యం చెల్లదు.

గురువారం మధ్యాహ్నం ఫ్యాను కింద పడుకుని ఆలోచిస్తే తట్టింది. ఈ కారమెల్ సగం పాకం, సగం కోవా. రంగు వచ్చేది పాలవల్ల. పాలలోని మాంసకృత్తులు, చక్కెర కలిసి వేడికి గోధుమ రంగుకు తిరుగుతాయి, కోవాకు వచ్చే రంగు లాంటిదే. గట్టిదనం వచ్చేది నీరు ఇగరడంవల్ల, పాకానికి వచ్చినట్టు. ఈ రెండూ ఒకే క్షణాన వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేదు. మంట పెద్దదైతే నీరు ఇగరకముందే రంగు వచ్చి మనల్ని మోసం చేస్తుంది. నన్ను మోసం చేసింది అదే. నలభై ఏళ్లుగా అరిసెల పాకాన్ని నేను రంగు చూసి దించానా? లేదు కదా, నీళ్లలో వేసి చూశాను. ఇంగ్లీషు పేరు చూసి ఆ సంగతే మరిచిపోయాను.

శుక్రవారం స్టీలు గిన్నె తీశాను, అడుగు మందంగా ఉన్నది, లోపల తెల్లగా కనిపించేది. 175 గ్రాముల వెన్న, 175 గ్రాముల పంచదార, 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్. ఈసారి అన్నీ త్రాసు మీద తూచాను. సన్న సెగ. చెక్క తెడ్డుతో అడుగు గీకుతూనే ఉండాలి, పాలు ఉన్నాయి కాబట్టి ఒక్క నిమిషం చెయ్యి ఆపితే అడుగంటి నల్లటి పొరకలు పైకి తేలతాయి. మొదట పలుచగా నురగ కడుతుంది. తరవాత బుడగలు పెద్దవై, బద్ధకంగా పేలుతుంటాయి. పక్కన పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి పెట్టుకున్నాను. పన్నెండో నిమిషంలో ఒక చుక్క వేస్తే మేఘంలా విడిపోయింది. పదిహేనో నిమిషంలో అడుగున నిలిచింది కానీ వేలితో తాకితే పారిపోయింది. పంతొమ్మిదో నిమిషంలో వేసిన చుక్క వేళ్ల మధ్యకు వచ్చి ఉండ కట్టింది. నొక్కితే అణిగింది, వదిలితే మళ్లీ కొంచెం లేచింది. అరిసెకు కావలసిన ఉండకంటే ఒక పిసరు మెత్తన. అదే గుర్తు. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే టాఫీ అయ్యేది, ఆ మీద పప్పుచెక్క పాకం. అల్లుడుగారు కొనిచ్చిన వంట థర్మామీటరు పెట్టి చూస్తే 113 డిగ్రీలు చూపించింది. నా వేళ్లకూ దానికీ పేచీ రాలేదు. మనవరాలు థర్మామీటరును కాదని నా వేళ్లవైపు చూసినందుకు, రెండు రోజుల పరువు కొంత తిరిగి వచ్చింది.

అడుగు పొరకు 225 గ్రాముల మైదా, 150 గ్రాముల వెన్న, 75 గ్రాముల పొడి పంచదార. లెక్క చూడండి, మూడు, రెండు, ఒకటి. ఇంత అందమైన నిష్పత్తిని కప్పుల్లో దాచేశారు. 20 సెంటీమీటర్ల చదరపు పళ్లేనికి ఇది సరిగ్గా సరిపోతుంది.

చాక్లెట్ గురించి రాయకుండా ఉత్తరం ముగించలేను, ఎందుకంటే అది మా ఇంటి సంగతి కూడా. మీరు ‘డార్క్ చాక్లెట్ 200 గ్రాములు’ అన్నారు. మొదటిసారి కొట్టువాడు ఇచ్చిన పెద్ద పలకనే తెచ్చాను. నోట్లో వేసుకుంటే మైనం నమిలినట్టుంది. అట్ట తిప్పి కళ్లజోడు పెట్టుకుని చదివితే అది చాక్లెట్ కాదు, ‘కాంపౌండ్’. కోకో వెన్న, అంటే కోకో గింజలోంచి తీసే కొవ్వు, దానికి బదులు హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్, అంటే డాల్డా లాంటిది. అసలు కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఒంటి వేడి 37. అందుకే మంచి చాక్లెట్ నాలుక మీద పెట్టగానే తనంత తాను జారిపోతుంది. నేను తెచ్చిన పలకలోని కొవ్వు నోటి వేడికి పూర్తిగా కరగక అంగిలికి పట్టేసింది.

మాది పెదవేగి వైపు. రెండెకరాల కొబ్బరితోట, కొబ్బరి నీడలో కోకో. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే, అందులోనూ మా గోదావరి వైపు తోటల్లో. కాయను కత్తితో కోయం, గింజకు దెబ్బ తగులుతుందని చెక్కతో కొట్టి పగలగొడతాం. లోపల గింజల చుట్టూ సీతాఫలంలా తెల్లటి గుజ్జు, తియ్యగా, చివర పుల్లగా. వాటిని గుట్టపోసి అరటాకులు, గోనెసంచులు కప్పి, మధ్యలో తిరగేస్తూ ఆరు రోజులు పులియబెడతాం. రెండో రోజుకే గుట్టలో చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, ఇల్లంతా వెనిగర్ వాసన. తరవాత ఎండబెట్టి సంచులకెత్తితే కొనేవాళ్లు వచ్చి పట్టుకుపోతారు. 2024 వేసవిలో కిలో వెయ్యి రూపాయల దాకా పలికిన ఎండు గింజ మరుసటి ఏడు దాదాపు సగానికి పడింది. ఆ గోడు మా వారు వేరే ఉత్తరం రాస్తారు. నా బాధ చిన్నది. పెరట్లో కోకో పండించుకుని, మనవరాలి పుట్టినరోజుకు కోకో వెన్న లేని పలక కరగబెట్టాను. వంటకంలో ‘అట్ట వెనుక కోకో వెన్న ఉందో లేదో చూసి కొనండి’ అని ఒక ముక్క రాస్తే నా బోటివాళ్లకు కళ్లజోడు ముందే గుర్తొచ్చేది.

అయితే నిజం ఒప్పుకోవాలి. మే నెల ఎండకు కాంపౌండే తట్టుకుంది. రెండోసారి విజయవాడ నుంచి తెప్పించిన అసలు చాక్లెట్ డాబా మీద పది నిమిషాలకే చెమట పట్టింది. సాయంత్రం ఏడింటికి కూడా గోడలు సెగలు కక్కుతున్నాయి. పళ్లేన్ని కిందనే ఉంచి, ఒక్కో విడతకు డజను ముక్కలు మాత్రం పైకి పంపాను. మనవరాలు మెట్ల మీద కాపలా. ముక్కలు కోయడంలో కూడా ఒక కిటుకు దొరికింది. చాక్లెట్‌లో ఒక చెంచా నూనె కలిపి పోసి, అది పూర్తిగా గట్టిపడకముందే, వేడి నీళ్లలో ముంచి తుడిచిన కత్తితో గీతలు పెట్టేయాలి. గట్టిపడ్డాక ఆ గీతల మీదే కోస్తే పెళ్లున పగలదు. రెండు పళ్లేలు చేశాను, పళ్లేనికి ముప్పై రెండు ముక్కలు. నలభై మంది వస్తారనుకుంటే యాభై దాకా వచ్చారు. కేకు సగం మిగిలింది, ఇవి మిగల్లేదు. పక్కింటి వదినగారు మాత్రం రెండు తిని, “బాగుంది కానీ, అరిసెంత కాదు” అన్నారు. ఆవిడ మాట నేను కాదనలేదు.

వంటల పేజీ మానేయమని నేననడం లేదు. నాకు ఆదివారం మొదట తెరిచేది అదే. ముద్రించేముందు మీ కార్యాలయంలో ఎవరైనా ఒకరు ఆ కాగితం చేత్తో పట్టుకుని, ఉన్నది ఉన్నట్టుగా, తమ తెలివి కలపకుండా ఒక్కసారి చేసి చూడమని మనవి. అందుకు స్థలం చాలకపోతే బొమ్మ కాస్త చిన్నది చేయండి. అందులో అలంకారానికి పెట్టిన పుదీనా ఆకు అక్కర్లేదు.

సంక్రాంతికి ఎలాగూ అరిసెలు వేస్తారు. పోయిన ఏడాది అందులోనూ ‘పాకం వచ్చేవరకు’ అని వదిలేశారు. ఈసారి వేసేముందు నాకొక కార్డు ముక్క రాయండి. పాకం నేను చూసి పెడతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెదవేగి మండలం, ఏలూరు జిల్లా