బేస్ ఫేర్ తేల్చకుండా క్యాబ్ నిబంధనలు రాస్తే ఏం లాభం?

సంపాదకులకు,

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2025 జూలై 1న కొత్త మోటారు వాహన అగ్రిగేటర్ (యాప్ ద్వారా క్యాబ్, ఆటో, బైకు కుదిర్చే కంపెనీ) మార్గదర్శకాలు విడుదల చేసినప్పుడు చర్చంతా రద్దీ వేళల్లో ఛార్జీ రెట్టింపు చేసుకోవచ్చన్న అంశం మీదే సాగింది. 2020 మార్గదర్శకాల్లో ఆ పరిమితి ఒకటిన్నర రెట్లే కాబట్టి ప్రయాణికులకు కోపం రావడంలో వింత లేదు. అయితే దేనికి రెట్టింపు అని అడిగినవాళ్లు తక్కువ.

ఈ మార్గదర్శకాల్లో ఛార్జీల లెక్కంతా బేస్ ఫేర్, అంటే కిలోమీటరుకు ఇంత అని ముందే ఖరారు చేసే మూల ఛార్జీ మీద ఆధారపడింది. తగ్గిస్తే అందులో సగానికి దిగకూడదు, పెంచితే రెండింతలు దాటకూడదు. ఆ బేస్ ఫేర్‌ను రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించాలి. ప్రభుత్వం నిర్ణయించకుండా ఊరుకుంటే కంపెనీయే తన బేస్ ఫేర్ ఎంతో ప్రభుత్వానికి తెలియజేస్తుంది. అమ్మేవాడినే తూకం రాళ్లు తెచ్చుకోమన్నట్టు ఉంది ఈ ఏర్పాటు.

లెక్క వేసి చూద్దాం. బేస్ ఫేర్ కిలోమీటరుకు 20 రూపాయలైతే ఛార్జీ 10 నుంచి 40 మధ్య ఉంటుంది. అదే 12 రూపాయలైతే 6 నుంచి 24. సీఎన్జీ కిలో 95 రూపాయలు, కారు కిలోకు 20 కిలోమీటర్లు ఇస్తుంది అనుకుంటే ఒక్క గ్యాస్ ఖర్చే కిలోమీటరుకు 4.75 రూపాయలు. ఆరు రూపాయల ఛార్జీలో సొంత బండి డ్రైవరుకు దక్కాల్సిన 80 శాతం అంటే 4.80. మిగిలేది ఐదు పైసలు! టైర్లు, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ కిస్తీ ఇంకా లెక్కలోకే రాలేదు. బుకింగ్ కోసం ఖాళీగా నడిపిన దూరం అసలే రాలేదు.

ఖాళీ దూరం కోసమే కనీసం మూడు కిలోమీటర్లకు బేస్ ఫేర్ ఇవ్వాలన్నారు. ఒకటిన్నర కిలోమీటర్లు వెళ్లే ప్రయాణికుడూ మూడు కిలోమీటర్లకు కట్టాలి. మూడు దాటితే ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు వరకే లెక్క. ఏర్పాటు బాగానే ఉంది. కాకపోతే ఈ కనీస ఛార్జీకీ సగం తగ్గింపు వర్తిస్తుందా, లేదా అన్నది రాష్ట్ర నిబంధనల్లో తేటతెల్లంగా రాయాలి. వర్తిస్తే, బేస్ ఫేర్ 20 చొప్పున మూడు కిలోమీటర్లకు రావాల్సిన 60 రూపాయలు కాస్తా 30 అవుతుంది. రెండున్నర కిలోమీటర్లు ఖాళీగా వచ్చి, ఒకటిన్నర కిలోమీటర్లు తిప్పిన బండికి గ్యాస్ 19 రూపాయలు పోగా డ్రైవరు వాటాలో మిగిలేది ఐదు రూపాయలు. అలాంటి బుకింగ్ ఎవరు తీసుకుంటారు?

బుకింగ్ క్యాన్సిల్ చేసే రోగానికి మూలం కూడా ఇక్కడే ఉంది. సరైన కారణం లేకుండా రద్దు చేస్తే డ్రైవరైనా, ప్రయాణికుడైనా ఛార్జీలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు జరిమానా కట్టాలి. 180 రూపాయల ట్రిప్పుకు అది 18 రూపాయలు. నాలుగు కిలోమీటర్లు ఖాళీగా వెళ్లడం కంటే 18 రూపాయలు పోగొట్టుకోవడమే మేలని డ్రైవరు అనుకుంటాడు. లేదంటే ఫోన్ చేసి ‘క్యాషా, ఆన్‌లైనా? ఎక్కడికి?’ అని అడిగి, ‘మీరే క్యాన్సిల్ చేసుకోండి సార్’ అంటాడు. అప్పుడు జరిమానా ప్రయాణికుడి నెత్తిన పడుతుంది. డ్రైవరు ‘క్యాషా?’ అని అడగడానికీ కారణం ఉంది. డ్రైవరుకు సొమ్ము రోజుకోసారో, వారానికోసారో ఇవ్వొచ్చు, పదిహేను రోజులు మాత్రం దాటకూడదు అన్నారు. సాయంత్రం బంకులో గ్యాస్ కొట్టించాల్సిన మనిషికి పదిహేను రోజులంటే చాలా ఎక్కువ. ఆన్‌లైన్ సొమ్ము ఏ రోజుది ఆ రోజు ఖాతాలో వేయాలని రాష్ట్రం షరతు పెడితే ఈ ప్రశ్న సగం తగ్గిపోతుంది.

సొంత బండి డ్రైవరుకు 80 శాతం, కంపెనీ బండి నడిపేవారికి 60 శాతం వాటా అన్నారు సరే. కమీషన్ బదులు రోజువారీ ఫీజు తీసుకునే యాప్‌ల సంగతేమిటి? బుకింగ్‌లు రాని రోజు కూడా ఫీజు పోతుంది. వాటా లెక్కలోకి ఆ ఫీజును ఎలా తేవాలో, ఓనరు దగ్గర లీజుకు తీసుకున్న బండికి ఏ శాతం వర్తిస్తుందో జీవోలో ఉండాలి.

డ్రైవర్లకు 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్ బీమా తప్పనిసరి చేశారు. ఇది నిజంగా మంచి మార్పు. రెండు మూడు యాప్‌లలో నడిపేవారికి ఏ కంపెనీ పాలసీ ముందు వర్తిస్తుంది, యాప్‌లో డ్రైవరు ఐడీ బ్లాక్ చేసిన మర్నాడు ప్రమాదం జరిగితే ఎవరు బాధ్యులు అన్నది ముందే తేల్చకపోతే చివరికి కుటుంబం కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది.

బండి వయసు సంగతి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 8 ఏళ్లు దాటిన బండిని యాప్‌లో ఉంచరాదు. సరిగ్గా ఎనిమిదేళ్లకే ట్రాన్స్‌పోర్ట్ (కిరాయికి తిప్పే) బండి ఫిట్‌నెస్ పరీక్ష కూడా రెండేళ్లకోసారి కాకుండా ఏటేటా అవుతుంది. ఫిట్‌నెస్ గడువు దాటితే రోజుకు 50 రూపాయల అదనపు రుసుము. పాత బండి కొని క్యాబ్‌కు పెట్టాలనుకునేవారు ఆర్‌సీలో తేదీ చూసి మరీ బయానా ఇవ్వాలి. ట్రాకింగ్ పరికరం, ప్యానిక్ బటన్ విషయంలో జరిగే పొరపాటు మరొకటి. పరికరం బిగించి ఉన్నా అందులోని సిమ్ గడువు తీరిపోయి ఉంటుంది, లేదా సీటు కవర్లు వేయించినప్పుడు బటన్ వైరు తెగిపోయి ఉంటుంది. ఆర్టీఏకు తీసుకెళ్లే ముందే ఇంజిన్ ఆన్ చేసి, బటన్ నొక్కి, కంట్రోల్ రూమ్‌కు సంకేతం వెళ్తోందో లేదో పరికరం అమ్మినవారి చేత చూపించుకోవాలి.

లైసెన్సు విషయంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టత ఇచ్చింది. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎల్ఎంవీ (తేలికపాటి వాహన) లైసెన్సు చాలు, దాని మీద ట్రాన్స్‌పోర్ట్ బండి కోసం ప్రత్యేక ఎండార్స్‌మెంట్ (అనుమతి నమోదు) అక్కర్లేదు. అది లేదన్న ఒక్క కారణంతో బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించడానికి వీల్లేదు. ఇంకా ఎవరైనా కొర్రీ వేస్తే ఆ తీర్పు ప్రతిని చూపించండి.

బైక్ ట్యాక్సీలకు తెల్లబోర్డు (సొంత వాడకానికి రిజిస్టరైన) బండ్లను అనుమతించాలా, వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికే వదిలారు. కావాలంటే రోజువారీ, వారం లేదా పక్షానికోసారి రుసుము వసూలు చేసుకోవచ్చు. అయితే సాధారణ ప్రైవేటు బైకు పాలసీ కిరాయికి తిప్పితే వర్తించదు. కిరాయికి వర్తించే పాలసీ కాపీ అప్‌లోడ్ చేయనిదే యాప్‌లో బుకింగ్ రాకూడదు. వెనుక కూర్చున్న మనిషికి ప్రమాదం జరిగితే పరిహారం ఎవరు ఇస్తారో తేలకముందే రుసుము వసూలుకు దిగడం ప్రభుత్వానికి తగదు.

కేంద్ర మార్గదర్శకాలు వాటంతట అవే అమల్లోకి రావు. మోటారు వాహనాల చట్టం 93వ సెక్షన్ కింద లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే. లైసెన్సు లేకుండా నడిపే కంపెనీకి 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా వేసే అధికారం 193వ సెక్షన్‌లో ఉంది. తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు హ్యాచ్‌బ్యాక్, సెడాన్, పెద్ద బండి, ఆటో, బైకు వారీగా బేస్ ఫేర్ ముసాయిదాను తెలుగులో ప్రచురించి, అభ్యంతరాలకు 30 రోజులు గడువివ్వాలి. ఇంధన ధర మారినప్పుడు ఏ సూత్రంతో సవరిస్తారో కూడా అందులోనే రాయాలి. 2020 మార్గదర్శకాలు బేస్ ఫేర్‌ను టోకు ధరల సూచీతో ముడిపెట్టాయి. సీఎన్జీ ధరను కూడా కలిపితే లెక్క క్షేత్రస్థాయికి దగ్గరవుతుంది.

– కొందరు ఓనర్ కమ్ డ్రైవర్లు, హైదరాబాద్