రాయరు పుట్టింది ఆ భువనగిరిలో కాదు

సంపాదకులకు నమస్కారం.

మేం రాయరు అని పిలుచుకునే శ్రీరాఘవేంద్ర స్వామి ఆరాధన సందర్భంగా మీ బెంగళూరు అనుబంధంలో వచ్చిన అరపేజీ వ్యాసం గురించి ఈ ఉత్తరం. వ్యాసం వచ్చి తొమ్మిది రోజులైంది. మర్నాడో, ఆ మర్నాడో మీరే సవరణ వేస్తారని ఎదురుచూశాను. వేయలేదు. ఈలోగా ఎవరో సినిమా నటుడి కారు రంగు తప్పు రాశామని మాత్రం గళ్ళు కట్టి మరీ విచారం వెలిబుచ్చారు. సంతోషం.

స్వామివారు భువనగిరిలో జన్మించారని రాశారు, బాగానే ఉంది. పక్కన వేసిన బొమ్మ మాత్రం తెలంగాణలోని భువనగిరి కోటది! ఆ ఏకశిల గుట్ట, మీదికి పోయే మెట్లు, అన్నీ రంగుల్లో కళ్ళకు కట్టినట్టు వేశారు. రాయరు పుట్టిన భువనగిరి తమిళనాడులో, చిదంబరం దగ్గర వెల్లార్ నది ఒడ్డున ఉంది. అక్కడ కోటా లేదు, గుట్టా లేదు. ఫోను చేసి చెబితే మీ కార్యాలయంలో నలుగురి చేతులు మారి, చివరికి ఒక అబ్బాయి, ‘రెండూ భువనగిరే కదండీ’ అన్నాడు. మా వంశంలో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉన్నారు. ఒకరి పింఛను ఇంకొకరికి ఇస్తే ఆ అబ్బాయి వచ్చి సర్దిచెబుతాడా?

ఇక రెండోది. ‘మంత్రాలయంలోని స్వామి సమాధి’ అని మూడుచోట్ల రాశారు. అది బృందావనం, స్వామి లోపల కొలువున్నారని భక్తులు నమ్మే కట్టడం. 1671లో, విరోధికృత్ సంవత్సర శ్రావణ బహుళ విదియనాడు స్వామి సశరీరంగా బృందావన ప్రవేశం చేశారని నమ్మేవాళ్ళకు ఆ మాట ఎంత బాధ కలిగిస్తుందో మీకు తెలియకపోవచ్చు. నమ్మనివాళ్ళు కూడా పేరును పేరుగా రాయవచ్చు కదా. బెంగళూరులో ఏ రాయర మఠానికి వెళ్ళినా పూజారిని అడిగితే చెబుతారు, మంత్రాలయంలో ఉన్నది మూల బృందావనమనీ, అక్కడి మట్టి తెచ్చి ఇక్కడ ప్రతిష్ఠించినది మృత్తికా బృందావనమనీ. అడగడానికి ఆటో ఖర్చు కూడా అక్కరలేదు, ఫోను చాలు.

అసలు నా కడుపుమంట ఈ రెండు తప్పుల గురించి కాదు. ఆ అరపేజీలో పావు భాగం మన్రో దొర కథకు పోయింది. దత్త మండలాల కలెక్టరుకు స్వామి దర్శనమిచ్చిన కథ ఏటా వేస్తారు, వేసుకోండి. ఇంకో పావు భాగం గదుల అద్దెలకూ బస్సుల వేళలకూ పోయింది. తర్వాత పరిమళ ప్రసాదం ఎంత రుచిగా ఉంటుందో, ఎన్ని రోజులు నిలవ ఉంటుందో ఆరు వాక్యాలు. మరి ఆ ప్రసాదానికి ఆ పేరెందుకు వచ్చిందో ఒక్క వాక్యం లేదు. పరిమళం స్వామివారు రాసిన గ్రంథమండీ! ద్వైతమత గురువు మధ్వాచార్యులు బ్రహ్మసూత్రాల మీద రాసిన అనువ్యాఖ్యానానికి జయతీర్థులు న్యాయసుధ అనే వ్యాఖ్య రాస్తే, దానికి రాయరు రాసిన వ్యాఖ్యానం పరిమళం. ఆ పనికే ఆయనకు పరిమళాచార్యులని పేరు. మనం మాత్రం పొట్లం విప్పి, నోట్లో వేసుకుని, కాగితం తుంగభద్రలో పడేసి వస్తున్నాం.

మా అమ్మ చెప్పే కథ ఒకటుంది. కుంభకోణంలో సుధీంద్ర తీర్థుల దగ్గర చదువుకునే రోజుల్లో స్వామి పేరు వేంకటనాథుడు. రాత్రిపూట తోటివాళ్ళు నిద్రపోయాక ఎండుటాకులు మంట వేసుకుని, ఆ వెలుగులో పాఠానికి వ్యాఖ్య రాసుకునేవాడట. ఒక రాత్రి గురువు అటు వచ్చి చూస్తే మంట ఆరిపోయి ఉంది, శిష్యుడు చలికి ముడుచుకుని కటికనేల మీద నిద్రపోతున్నాడు, పక్కన తాటాకులు. గురువు ఆ తాటాకులు చదివి, తన శాలువా తీసి శిష్యుడికి కప్పి, తాటాకులు తీసుకుని వెళ్ళిపోయారట. తర్వాత, సన్యాసం తీసుకోకముందు, గృహస్థుగా ఉన్న రోజుల్లో ఆయన ఇంట్లో పూటకు గతి లేదు. ఒక విందుకు వెళితే కూర్చోబెట్టి గంధం తీయమన్నారు. తీస్తూ అగ్నిసూక్తం చదివితే, ఆ గంధం పూసుకున్నవాళ్ళందరికీ ఒళ్ళు మండిపోయిందని చెబుతారు. వరుణసూక్తం చదివాక గాని చల్లబడలేదట. ఆకలితో ఉన్న పండితుడికి సానరాయి అప్పగించిన ఆసామి కథ ఇది. ఈ కాలం పత్రికకు ఇంతకంటే పనికొచ్చే కథ ఉందా? మీకు కనబడలేదు.

బిచ్చాలి ప్రస్తావన కూడా లేదు. మంత్రాలయం నుంచి నది దాటితే రాయచూరు జిల్లాలో ఆ ఊరు. స్వామి ఏళ్ళ తరబడి ఉన్నది అక్కడ, అప్పణ్ణాచార్యుల దగ్గర. బృందావన ప్రవేశం వేళకు ఊళ్ళో లేని ఆ శిష్యుడు, సంగతి తెలిసి స్తోత్రం చదువుతూ నది దాటి పరుగున వచ్చాడు. చివరి శ్లోకం దగ్గర గొంతు పూడుకుపోతే, మిగిలిన ఏడక్షరాలు బృందావనంలోంచి వినిపించాయని చెబుతారు. బెంగళూరులో గురువారం గురువారం ఆ స్తోత్రం వల్లించే తెలుగువాళ్ళు ఎంతమంది! వాళ్ళలో బిచ్చాలి చూసినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మన బస్సులన్నీ మంత్రాలయంలోనే తిరుగుముఖం పడతాయి మరి.

మీ వ్యాసం చదివిన కోపంలో మా పేట గ్రంథాలయానికి వెళ్ళాను. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ఏటా క్రమం తప్పకుండా కడుతున్నవాణ్ణి, ఆ మాత్రం హక్కు ఉందనుకున్నాను. ఒకప్పుడు అక్కడ తెలుగు పుస్తకాలకు రెండు బీరువాలుండేవి. ఇప్పుడు ఒకటి, అదీ తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు. ‘పరిమళం ఉందా’ అని కౌంటరు దగ్గర అడిగితే, ఆయన తలెత్తకుండానే, ‘ఇక్కడ కాదు సార్, మఠంలో అడగండి, గురువారమైతే తాజాగా దొరుకుతుంది’ అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బయటికొస్తూ మురుగు కాలువ మీద లేచిపోయిన బండకు కాలు తగిలి పడబోయాను. ఆ బండ గురించి రెండుసార్లు అర్జీ పెట్టాను, అదింకో ఉత్తరం.

వెనకటికి పత్రికల్లో ప్రూఫులు దిద్దే పెద్దలుండేవారు. మా నాన్న ఎర్ర పెన్సిలు పట్టుకుని పేపరు చదివేవాడు. వారానికి ఒక తప్పు దొరికితే పండగ ఆయనకు. ఈ రోజుల్లో అయితే నెలకు డజను పెన్సిళ్ళు కొనాల్సి వచ్చేది.

సవరణ వేస్తే ఆ వ్యాసం వేసిన పేజీలోనే వేయండి, వర్గీకృత ప్రకటనల కింద కాదు. చోటు చాలక ఈ ఉత్తరం కుదించాల్సి వస్తే నా కాలువ బండ తీసేయండి, పరిమళం మాత్రం ఉంచండి. ఈసారి దయచేసి ఏ కోట బొమ్మా వేయకండి.

— మీ పాత చందాదారు, బెంగళూరు