కళ్లకు విరామం గుర్తుచేసే పని లైనక్స్‌కే అప్పగించండి

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లు 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్న వస్తువును 20 సెకన్లపాటు చూడాలని ఆరోగ్యం పేజీల్లో తరచూ చదువుతుంటాం. సలహా మంచిదే. కానీ పనిలో మునిగిన మనిషికి 20 నిమిషాలైందని ఎవరు చెప్పాలి? తెరవైపు చూస్తున్నంతసేపూ రెప్ప వేయడమే తగ్గిపోతుంది, ఆ సంగతే మనకు తెలియదు, ఇక టైమేం తెలుస్తుంది? విండోస్ వాడేవాళ్లకు ఇలాంటి చిట్కాలు చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఈ-కోర్టుల ప్రాజెక్టు కింద కింది కోర్టులకు విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు లైనక్స్ వచ్చి ఏళ్లవుతోంది. కాలేజీ ల్యాబుల్లోనూ అదే కనిపిస్తుంది. ఈ ఉత్తరం అక్కడ పనిచేసేవాళ్ల కోసం.

లైనక్స్ కాస్త తెలిసినవాళ్లు మొదట చేసే పని చెప్పిన టైముకు పనులు నడిపే క్రాన్‌లో ఒక వరుస రాసి, నోటిఫై-సెండ్ అనే ఆదేశంతో తెర మూల ఒక చీటీ చూపించడం. చాలాసార్లు ఆ చీటీ అసలు రాదు. క్రాన్ మన డెస్క్‌టాప్ సెషన్‌కు బయట నడుస్తుంది, చీటీని ఏ తెర మీద అతికించాలో దానికి తెలియదు. సెషన్ తాలూకు డీబస్ (ప్రోగ్రాంలు ఒకదానికొకటి కబురు పంపుకునే దారి) చిరునామాను ఆ వరుసలోనే ఇవ్వాలి. అందులో యూజర్ నంబరు ఉంటుంది, ఉబుంటులో మొదటి యూజర్‌కు అది 1000. సరే, చీటీ వచ్చింది. నిమిషాల గడిలో నక్షత్రం, వాలుగీత, 45 (*/45) అని రాసి, ముప్పావుగంటకోసారి మోగుతుందనుకుంటే అదీ జరగదు. 9.00, 9.45, 10.00, 10.45కు మోగుతుంది. ఆ గడి లెక్క ప్రతి గంటకూ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 20, 30 లాగా 60ని నిశ్శేషంగా భాగించే అంకెలే పనికొస్తాయి. క్రాన్‌కు బదులు, మన సెషన్‌లోనే నడిచే సిస్టమ్‌డీ యూజర్ టైమర్ వాడితే ఈ రెండు తలనొప్పులూ పోతాయి.

అసలు తప్పు మాత్రం అక్కడా పోదు. రెండూ గోడ గడియారాలే. మీరు టీ తాగి వచ్చి కూర్చున్న మరుక్షణం ‘విరామం తీసుకోండి’ అంటాయి. రెండు రోజులు చూసి మూడో రోజు తీసిపారేస్తారు. పైగా మూలన కనిపించే మామూలు చీటీ, ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టి ఉంటే పైకే రాదు. విరామం గుర్తుచేసే ప్రోగ్రాం చేతులు కీబోర్డు మీదా మౌస్ మీదా ఎంతసేపు ఉన్నాయో లెక్కపెట్టాలి, టైమైనప్పుడు తెర మొత్తం కప్పేయాలి.

ఉబుంటులో మనకు కనిపించే డెస్క్‌టాప్ పేరు గ్నోమ్. 2025 మార్చిలో వచ్చిన గ్నోమ్ 48లో ఈ ఏర్పాటు డెస్క్‌టాప్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో ‘వెల్‌బీయింగ్’ తెరిస్తే కళ్లకు ఒక మీట, లేచి నడవడానికి ఒక మీట కనిపిస్తాయి. మొదట రెండూ ఆఫ్‌లోనే ఉంటాయి. ఉబుంటు 25.04 నుంచి ఇది దొరుకుతుంది. 24.04లో ఉన్నది గ్నోమ్ 46 కాబట్టి అందులో ఎంత వెతికినా కనిపించదు.

ఉబుంటు 24.04, లైనక్స్ మింట్ అనే మరో రకం లైనక్స్ వాడేవాళ్లకు సేఫ్ ఐస్ అనే ప్రోగ్రాం చాలు. ఆప్ట్ అనే ఆదేశంతో వేసుకునేటప్పుడు ప్యాకేజీ పేరును రెండు మాటలూ కలిపి, చిన్న అక్షరాలతో కొట్టాలి. మొదట అందులో 15 నిమిషాలకోసారి 15 సెకన్ల చిన్న విరామం, 75 నిమిషాలకోసారి 60 సెకన్ల పెద్ద విరామం పెట్టి ఉంటాయి. చిన్నదాన్ని 20 నిమిషాలు, 20 సెకన్లకు, పెద్దదాన్ని 60 నిమిషాలు, 300 సెకన్లకు మార్చుకోండి. పెద్ద విరామం అంకె చిన్నదానికి గుణిజంగా ఉండాలని మరవకండి. తెర కప్పే ముందు 10 సెకన్ల హెచ్చరిక వస్తుంది, రాస్తున్న వాక్యం పూర్తిచేసుకోవడానికి అది సరిపోతుంది. డెబియన్, ఫెడోరా అనే ఇతర లైనక్స్‌ల గ్నోమ్‌లో దీని గుర్తు పైపట్టీలో కనిపించకపోతే ప్రోగ్రాం చెడిపోయిందనుకోవద్దు, యాప్‌ఇండికేటర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే వస్తుంది.

సేఫ్ ఐస్‌లో ఎక్కువమంది దెబ్బతినేది ‘స్మార్ట్ పాజ్’ దగ్గర. చేతులు కదలకపోతే లెక్క ఆపేసే ప్లగిన్ అది. దాని గడువు కొన్ని సెకన్లే ఉంటే, 40 పేజీల తీర్పును కదలకుండా చదువుతున్నవాళ్లు సీట్లో లేరనుకుంటుంది. కళ్లు మాడిపోతుంటాయి, విరామం మాత్రం రాదు. ఆ గడువు 120 సెకన్లకు పెంచండి. ఎక్స్11 (తెరను నడిపే పాత వ్యవస్థ) సెషన్‌లో, సేఫ్ ఐస్ పాత వెర్షన్లలో, ఎక్స్‌ప్రింట్‌ఐడిల్ అనే చిన్న ప్యాకేజీ కూడా ఉంటేనే ఈ ప్లగిన్ పనిచేస్తుంది. అలాగే ‘డు నాట్ డిస్టర్బ్’ ప్లగిన్ ఆన్‌లో ఉంటే ఫుల్‌స్క్రీన్‌లో ఉన్నంతసేపూ విరామాలు రావు. ప్రెజెంటేషన్‌కు అది మంచిదే, పాఠాల వీడియోలు గంటలకొద్దీ చూసే విద్యార్థికి కాదు.

విరామం గుర్తుచేసే మరో ప్రోగ్రాం వర్క్‌రేవ్ పాతకాపు. చేతి నొప్పులున్న టైపిస్టులకు దీన్నే చెప్పాలి. కాకపోతే మొదటి అమరిక మరీ కటువు: 3 నిమిషాలకోసారి 30 సెకన్ల విరామం, 45 నిమిషాలకోసారి 10 నిమిషాల విరామం, రోజుకు మొత్తం 4 గంటల పని. ఎనిమిది గంటల ఉద్యోగికి మధ్యాహ్నానికే ‘ఇవాళ్టికి చాలు’ అంటుంది! రోజు పరిమితి తీసేసి, చిన్న విరామాన్ని 10 నిమిషాలకు మార్చండి. ఎక్స్11 స్థానంలో వచ్చిన వేలాండ్ సెషన్‌లో ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాం కిటికీలో కొట్టే కీలను చూడలేదు. భద్రత కోసం అలాగే కట్టారు. అందుకే పాత వర్క్‌రేవ్ అక్కడ లెక్క తప్పుతుంది. మీది ఏ సెషనో సెట్టింగ్స్‌లోని ‘అబౌట్’ చెబుతుంది. వేలాండ్ అయితే, 24.04లో లాగిన్ తెర మీద పళ్లచక్రం గుర్తు నొక్కి ‘ఉబుంటు ఆన్ జోర్గ్’ (Xorg, అంటే ఎక్స్11) ఎంచుకుంటే సరిపోతుంది.

ల్యాబులు, కార్యాలయాల సిస్టమ్ నిర్వాహకులకు ఒక విన్నపం. గ్నోమ్ 48 ఉన్నచోట ఒక్కో యంత్రంలో ఒక్కో యూజర్‌కు మీట నొక్కుతూ తిరగక్కర్లేదు. గ్నోమ్ అమరికలు దాచే డీకాన్ఫ్‌లో సిస్టమ్ మొత్తానికి డిఫాల్ట్‌గా రాసి, డీకాన్ఫ్ అప్‌డేట్ కొట్టి, యూజర్లను ఒకసారి లాగౌట్ చేయించండి. అప్‌డేట్ కొట్టడం మరిచిపోతే ఫైలు ఎంత సరిగ్గా రాసినా పట్టదు. యూజర్ మార్చుకోలేకుండా లాక్ మాత్రం వేయకండి. సేఫ్ ఐస్‌లో ‘స్ట్రిక్ట్ బ్రేక్’ కూడా అందరికీ పెట్టొద్దు. న్యాయమూర్తి వాంగ్మూలం చెబుతుంటే టైప్ చేస్తున్న స్టెనోగ్రాఫర్ ముందు తెర నల్లబడి, దాటవేసే బటన్ కూడా లేకపోతే ఆ సాయంత్రానికే ప్రోగ్రాంను తీసేయిస్తారు. వాయిదా బటన్‌ను 5 నిమిషాలకు పెట్టి వాళ్ల చేతికే ఇవ్వండి.

భవదీయ,
లైనక్స్ ల్యాబ్ నిర్వాహకుడైన ఒక పాఠకుడు