మంత్రి గారూ, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంది?

పర్యాటక శాఖ చూస్తున్న మంత్రి గారికి నమస్కారం.

ఇది నాలుగో ఉత్తరం. ముందు రాసిన మూడింటికీ జవాబు లేదు, అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నా.

సంక్రాంతి సెలవుల్లో అమ్మను, పాపను, తమ్ముడిని కారెక్కించుకుని కర్నూలు నుంచి బయల్దేరా. ఓర్వకల్లు రాక్ గార్డెన్, యాగంటి, బెలుం గుహలు, చివరికి గండికోట. రాళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదండీ. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకుంటూ పోయిన ఆ లోయ చూసి మా పాప పది నిమిషాలు నోరు మెదపలేదు, అది మా ఇంట్లో రికార్డు.

నా బాధ బాత్రూమ్ గురించి. ఈ నాలుగింట్లో ఒకచోట ఆడవాళ్ల బాత్రూమ్‌కు తాళం. ఎక్కడో రాయను, రాస్తే అక్కడి వాచ్‌మన్ ఉద్యోగం పోతుంది తప్ప తలుపు తెరుచుకోదు. "తాళంచెవి సార్ దగ్గరుందమ్మా" అన్నాడు పాపం. సార్ ఎక్కడంటే తెలీదు. మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, షుగరుంది, ఎంతసేపని ఆపుకుంటుంది? తమ్ముడు ఓ బండ చాటుకు వెళ్లొచ్చాడు, వాడికే టెన్షనూ లేదు. రాళ్లు బోలెడున్నాయి కదా, ఆడవాళ్లూ సర్దుకుంటారులే అనుకున్నారా? చివరికి నేనూ పాపా చీర అడ్డం పట్టుకుని నిలబడ్డాం. ఆవిడ రిటైర్డ్ టీచరండీ. కారెక్కాక చాలాసేపు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఇలా అవుతుందనే ఆవిడ పొద్దున్నుంచీ సరిగ్గా నీళ్లు తాగలేదు. బెలుంలో 3,229 మీటర్ల గుహ, అందులో తిరగనిచ్చేది సగం లోపే, ఆ సగానికే ఉక్కతో ఒళ్లంతా తడిసిపోతుంది. పైకొచ్చాక చేతిలో బాటిల్ ఉన్నా రెండు గుక్కలతో సరి. ఇల్లు కదిలితే ఆడవాళ్లు ముందు లెక్కేసుకునేది ఇదే, మీ ఇంట్లో వాళ్లనైనా అడగండి.

గండికోటకు సాస్కి (రాష్ట్రాల్లో నిర్మాణాలకు కేంద్రం సాయం చేసే పథకం) కింద వచ్చిన 77.91 కోట్లతో ఏమేం కడతారో పేపర్లో చదివాం, సంతోషం. కట్టండి. కట్టినదానికి తాళం మాత్రం వేయకండి, వేసినా చెవి ఉన్నవాళ్ల ఫోన్ నంబర్ తలుపు మీద రాయించండి. ఒక బకెట్, ఒక మగ్గు, కాసిని నీళ్లు. వీటికి కూడా ఢిల్లీ నుంచి నిధులు రావాలా?

ఉగాదికి మళ్లీ వెళ్దామంటోంది పాప. "తాళం తీశారేమో ముందు కనుక్కో" అంటోంది అమ్మ. కాస్త కనుక్కుని చెప్తారా సార్?

ఇట్లు,
కర్నూలు నుంచి, నాలుగోసారి