'దాన్నెవరు చూస్తారు సార్?'

సంపాదకులు గారికి,

మా అమ్మాయి ఎంబీఏ సీటు కోసం జీఆర్ఈ రాసింది, విదేశాల్లో పై చదువులకు అడిగే పరీక్ష అది. లెక్కల్లో 170కి 166 వచ్చాయి. వ్యాసానికి మాత్రం 6కి 3. ఫీజు కట్టించుకున్న కోచింగ్ ఆయన్ని అడిగితే 'దాన్నెవరు చూస్తారు సార్, మొత్తంలో కలవదు కదా' అన్నాడు. కలవదు, నిజమే. కానీ ఎంబీఏ కాలేజీకి వెళ్లే స్కోరు కాగితంలో ఆ 3 కూడా ఉంటుంది. ఇంటి దగ్గర రాసి దరఖాస్తుతో పంపే వ్యాసాలు మాత్రం నున్నగా ఉంటే, ఎవరు రాసిచ్చారో అన్న అనుమానం రాదా? ఎంబీఏ సీట్లకే పెట్టే మరో పరీక్ష జీమ్యాట్; వాళ్లు 2023 నవంబరులో తెచ్చిన కొత్త పరీక్షలో వ్యాసమే లేదు. జీఆర్ఈలో మాత్రం అరగంట వ్యాసం ఒకటి ఇప్పటికీ ఉంది.

తన ప్రాక్టీసు కాగితం చూశాను. నాది విత్తనాల అంగడి, ఇంగ్లీషు అంతంతే. అయినా తెలిసిపోయింది: ఒకే మాటను మూడు పేరాల్లో తిప్పితిప్పి రాసింది, ఒక్క ఉదాహరణ లేదు. పదో తరగతిలో గైడు బట్టీ పట్టించింది మేమే కదా!

ఇప్పుడు సాయంత్రం అంగట్లో కూర్చోబెట్టి మీ సంపాదకీయం చదివిస్తున్నా. ఒప్పుకోనిదేదో ఇంగ్లీషులో ఒక పేజీ రాయమంటున్నా. నిన్న వేరుశనగ ధర మీద నాతోనే వాదించింది, కాగితం మీద.

- ఒక తండ్రి, ఆదోని, కర్నూలు జిల్లా