వారంటీలో రుజువు భారం కొన్నవారి మీదనా?

సంపాదకులకు నమస్కారం.

వారంటీ ఉన్న స్మార్ట్‌ఫోన్ చెడిపోతే బాగుచేసి గానీ మార్చి గానీ ఇస్తామని రాసి ఇచ్చిన కంపెనీలే, లోపం ఉందని నిరూపించే భారాన్ని మాత్రం కొన్నవారి నెత్తిన వేస్తున్నాయి. ఈ విషయాన్ని తయారీదారుల దృష్టికి, వినియోగదారుల వ్యవహారాలు చూసే అధికారుల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను కొన్న ఫోన్ కొద్ది నెలలకే ఉన్నట్టుండి ఆగిపోవడం, దానంతట అదే మళ్లీ ఆన్ కావడం మొదలుపెట్టింది. కెమెరా తెరిచిన కాసేపటికి వెనకవైపు, ముఖ్యంగా లెన్సుల పక్కన, వేలు ఆనించలేనంతగా కాలిపోతుంది. ఆ వెంటనే తెర నల్లబడుతుంది. చల్లారాక మాత్రం ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి, జాబ్ షీట్ మీద ‘సమస్య కనిపించలేదు’ అని రాసి చేతిలో పెట్టారు. ఇంటికి వచ్చాక మళ్లీ అదే తంతు. ఆగిపోతుండగా వేరే ఫోన్‌తో తీసిన వీడియో చూపిస్తే, తమ పరీక్షలో తేలితే తప్ప మార్చడం కుదరదని అన్నారు.

ఆ పరీక్ష ఏమిటో కౌంటర్ దగ్గర నిలబడి చూశాను. తెర, స్పీకరు, మైకు, కెమెరా, సెన్సార్లు ఒక్కొక్కటిగా పనిచేస్తున్నాయో లేదో ఒక యాప్ చూసి, అన్నింటికీ పచ్చ టిక్కు పెడుతుంది. ఆ క్షణానికి ఏ భాగం పనిచేస్తోందో చెప్పడానికి అది చాలు. కానీ మదర్‌బోర్డు మీద ఎక్కడైనా టంకం సన్నగా బీటవారి ఉంటే, వేడికి ఆ అతుకు విడిపోయినప్పుడే లోపం బయటపడుతుంది, చల్లబడి మళ్లీ తగులుకుంటే మాయమవుతుంది. చల్లగా ఉన్న ఫోన్‌ను కాసేపు పరీక్షించి అంతా సవ్యంగా ఉందని తేల్చడం, వచ్చిపోయే జ్వరం ఉన్నవాడిని జ్వరం లేని వేళ చూసి ఆరోగ్యవంతుడని పంపేయడం లాంటిదే. ఆగిపోయిన ప్రతిసారీ ఫోన్ లోపల నమోదయ్యే లాగ్‌లను తెరిచి చూసే ప్రయత్నమైనా జరగలేదు. పైగా ఇచ్చిన ప్రతిసారీ ఫోన్‌లోని సమాచారమంతా చెరిపేయడానికి అంగీకరిస్తూ సంతకం పెట్టాలి. ఆ తర్వాత బ్యాంకు యాప్‌ల దగ్గర నుంచి అన్నీ మొదటి నుంచి నమోదు చేసుకోవాలి. ఈ శ్రమకు వారంటీ పత్రంలో ఏ విలువా లేదు.

ఇక తడి విషయం. సిమ్ ట్రే దూరే సందులోనో, చార్జింగ్ పోర్టు లోపలో చిన్న తెల్లని స్టిక్కర్ ఉంటుంది. నీటి బొట్టు తగిలితే అది ఎర్రబడుతుంది. అది కనిపించగానే చాలాచోట్ల వారంటీ చెల్లదని చెప్పేస్తారు. ఆ స్టిక్కర్ చెప్పేది అక్కడ తడి తగిలిందని మాత్రమే. ఆ తడి ఎప్పుడు తగిలిందో, తెర మీద నిలువునా పచ్చగీత పడటం లాంటి లోపం వస్తే దానికి ఆ తడే కారణమో కాదో అది చెప్పదు. ఆ సంబంధాన్ని చూపించవలసిన బాధ్యత వారంటీ నిరాకరించేవారిది కాదా? దుమ్ము, నీరు లోపలికి చేరకుండా ఐపీ68 స్థాయి రక్షణ ఉందంటూ ప్రకటనల్లో ఫోన్‌ను నీళ్లలో ముంచి చూపించే కంపెనీలు సైతం, ద్రవాల వల్ల కలిగే నష్టం వారంటీలోకి రాదని షరతుల్లో చిన్న అక్షరాలతో రాస్తున్నాయి. ఈ రెండు మాటలూ ఒకే పెట్టెలో పెట్టి అమ్మడం న్యాయమని నేను అనుకోను.

ఈ భారాన్ని తిప్పి వేయడం అసాధ్యమేమీ కాదు. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన వస్తు విక్రయ ఆదేశం ప్రకారం, వస్తువు చేతికి అందిన ఏడాదిలోపు బయటపడిన లోపం మొదటి నుంచీ ఉన్నదిగానే భావిస్తారు. కాదని నిరూపించుకోవలసింది అమ్మినవారే. మరమ్మతు ఉచితంగా, సముచితమైన వ్యవధిలో, కొన్నవారికి పెద్దగా అసౌకర్యం కలగకుండా జరగాలని కూడా అందులో ఉంది. 2024లో వచ్చిన మరో ఆదేశం, మార్పిడికి బదులు మరమ్మతును ఎంచుకున్నవారికి అమ్మకందారు బాధ్యత గడువును మరో ఏడాది పొడిగించాలని చెబుతోంది. అక్కడ అమ్ముడయ్యే ఫోన్లూ ఈ కంపెనీలవే కనుక, ఇది తమ వల్ల కాదని అవి చెప్పలేవు.

చట్టాలు మారేలోగా కంపెనీలు తమంతట తాము చేయగలిగినవి ఉన్నాయి. కౌంటర్‌లో ఉన్న ఉద్యోగి తనకు తోచినట్టు కుదించకుండా, ఫిర్యాదును కొన్నవారి మాటల్లోనే జాబ్ షీట్ మీద రాయాలి. వారంటీ నిరాకరిస్తే ఏ భాగంలో ఏమి చూసి నిరాకరించారో ఫొటోతో సహా రాతపూర్వకంగా ఇవ్వాలి. అదే లోపం మరమ్మతు తర్వాత మళ్లీ వస్తే మరోసారి బాగుచేస్తామనకుండా ఫోన్‌నే మార్చాలి. ఫోన్ తమ దగ్గర ఉన్న కాలాన్ని వారంటీ గడువులో లెక్కించకూడదు. ఇప్పుడు గడువు దగ్గరపడుతున్న కొద్దీ ‘విడిభాగం రావాలి’ అన్న జవాబు వింటూ కూర్చోవడం తప్ప కొన్నవారికి గత్యంతరం లేదు.

మార్చి ఇచ్చేటప్పుడు ఆ ఫోన్ కొత్తదో, మరమ్మతు చేసి సిద్ధం చేసినదో ముందుగానే చెప్పి సమ్మతి తీసుకోవాలి. ఫోన్‌గానీ మదర్‌బోర్డుగానీ మారితే ఏ ఫోన్‌కు ఆ ఫోన్‌ను విడిగా గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కూడా మారి, బిల్లులో ఉన్న సంఖ్యతో సరిపోలకుండా పోతుంది. కొత్త సంఖ్యను ధ్రువీకరిస్తూ పత్రం ఇవ్వకపోతే, తర్వాత లోపం వచ్చినా, ఫోన్ పోయినా, అది తమదేనని చూపించడం కష్టమవుతుంది. అడిగితే తప్ప ఆ పత్రం ఇవ్వని పద్ధతిని కంపెనీలు వెంటనే మానుకుని, ఫోన్‌తో పాటే దాన్ని చేతికి ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వినియోగదారు