చిన్నీ, నీ కొత్త పని గురించి

విజయవాడ,
ఆదివారం రాత్రి

చిన్నీ,

నిన్న ఫోన్‌లో నువ్వు టీమ్ మార్చారన్న సంగతి చెప్పగానే నేను "జీతం తగ్గదుగా" అన్నాను. నువ్వు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అమ్మకివ్వు నాన్నా" అన్నావు. రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. నువ్వు బాధపడింది జీతం గురించి కాదని నాకు తెలుసు. స్పోర్ట్స్ కార్ల మీద పనిచేయాలని అంత దూరం జర్మనీకి వెళ్లిన పిల్లని తీసుకెళ్లి ఎస్‌యూవీ టీమ్‌లో, అంటే ఎత్తైన పెద్ద బండ్ల టీమ్‌లో వేశారు. పైగా మీ స్నేహితులు "ఇక లారీలకి సస్పెన్షన్ చేసుకో" అని ఆటపట్టించారన్నావు. ఫోన్‌లో నాకు మాటలు రావు. అందుకే కాగితం తీసుకున్నాను.

నువ్వు ఏడో తరగతిలో ఉండగా లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లో ఒక ఇంగ్లీషు కార్ల పత్రిక కొన్నాం, గుర్తుందా? దాని నడిమి పేజీ చింపి మంచం పక్కన గోడకి అంటించుకున్నావు. పసుపు రంగు పోర్షే 911, జర్మనీ వాళ్ల స్పోర్ట్స్ కారు. ఇంజన్ వెనకెందుకుంది నాన్నా అని అడిగితే, ఆటోనగర్ షెడ్డులో నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాను. బరువంతా వెనక చక్రాల మీద ఉంటే బండి లాగేటప్పుడు టైరు రోడ్డుని గట్టిగా పట్టుకుంటుందని చెప్పాను. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే మాత్రం వెనక భాగం తిరిగిపోతుందని కూడా చెప్పాను. "మరి ఇంజన్ని ముందుకి మార్చెయ్యొచ్చుగా" అన్నావు. 1963లో మొదటిసారి చూపించిన దగ్గర్నుంచి వాళ్లు దాన్ని మార్చలేదు, అక్కడే ఉంచి ఆ ఇబ్బందిని ఏటా కాస్త కాస్త సరిచేసుకుంటూ వచ్చారు అన్నాను. నువ్వు ఆ గీతల్ని చాలాసేపు చూశావు. సాయంత్రం షెడ్డు ఊడ్చే కుర్రాడిని వాటిని చెరపొద్దని బతిమాలావు కూడా.

అలాంటి బండిని అంతగా ప్రేమించినవాళ్లకి పెద్ద బండి చూస్తే కడుపు మండుతుంది. నాకూ మండింది. 2002లో పారిస్ షోలో పోర్షే వాళ్లు కయెన్ అనే ఎస్‌యూవీని చూపించారు. ఆ ఫొటో నా చేతికి వచ్చేసరికి కొన్ని నెలలు పట్టింది. ముఖం 911ది, ఒళ్లు జీపుది. అడుగున ఎముకల గూడు, అంటే చట్రం, ఫోక్స్‌వ్యాగన్ టూరెగ్‌తో కలిసి చేయించుకున్నది. అంతకు నాలుగైదేళ్ల ముందే 911లో గాలితో చల్లబడే ఇంజన్ తీసేసి నీళ్లతో చల్లబడేది పెట్టేశారు. ఆ దెబ్బ నుంచే అభిమానులు తేరుకోలేదు. అప్పుడు ఇది వచ్చింది. ఆ పత్రిక పట్టుకుని లేత్ బాబాయ్ దగ్గరికి వెళ్లి అరగంట తిట్టాను. ఆయన మిషన్ ఆపకుండానే, "కంపెనీ బతికుంటేనేగా బావా నీ 911 ఉండేది" అన్నాడు. ఆ రోజు ఆ మాట నాకు రుచించలేదు.

తర్వాత తెలుసుకున్నాను చిన్నీ, ఆ కంపెనీ ఎంత అంచుదాకా వెళ్లి వచ్చిందో. 1986 ప్రాంతంలో ఏడాదికి 50 వేలకు పైగా కార్లు అమ్మినవాళ్లు 1993కి 15 వేల లోపుకి పడిపోయారు. ఎక్కువ కార్లు పోయేది అమెరికాకే. డాలరు విలువ పడిపోయేసరికి అక్కడ కారు ధర కొనలేనంత పెరిగింది. ఇవాళో రేపో ఎవరో ఒకరు కొనేస్తారని అందరూ అనుకున్నారు. వెండెలిన్ వీడెకింగ్ పగ్గాలు పట్టుకుని, జపాన్ నుంచి టయోటా పద్ధతి తెలిసినవాళ్లని పిలిపించి, ఫ్యాక్టరీలో పేరుకుపోయిన సామాను ర్యాకుల దగ్గర్నుంచి అన్నీ మార్పించాడు. 1996లో బాక్స్‌స్టర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చాడు. అది నిలబెట్టింది. కానీ రెండు రకాల కార్లతో ఎన్నాళ్లు? స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు చేతిలో డబ్బు ఆడితేనే కొంటారు, ఆడకపోతే మొదట మానుకునేదీ అదే. అందుకే కయెన్.

2023 లెక్క చూడు. పోర్షే ఆ ఏడాది మొత్తం 3 లక్షల 20 వేల కార్లు అమ్మింది. కయెన్, దాని తమ్ముడు మకాన్ కలిపితే అందులో సగానికి పైనే. 911లు 50 వేలు దాటాయి. 1993లో కంపెనీ మొత్తం అమ్మిన కార్లకి మూడు రెట్లకు పైగా ఇవాళ ఒక్క 911లే అమ్ముడుపోతున్నాయి. అందులో జీటీ3 అనేదాంట్లో ఇప్పటికీ టర్బో లేని నాలుగు లీటర్ల ఇంజన్ ఉంది. నిమిషానికి 9,000 చుట్ల దాకా పాడుతుంది. కావాలంటే మాన్యువల్ గేరు కూడా ఇస్తున్నారు. చేతిలో డబ్బు లేని కంపెనీ ఇలాంటి ఇంజన్ని ఇన్నాళ్లు కాపాడుకోగలదా? నాకు నమ్మకం లేదు.

లైప్‌జిగ్ ఫ్యాక్టరీ సంగతి నీకు తెలిసిందే. కయెన్ కోసమనే దాన్ని 2002లో తెరిచారు. మరుసటి ఏడాది నుంచి అదే ఫ్యాక్టరీలో కరేరా జీటీ అనే స్పోర్ట్స్ కారుని చేతులతో బిగించారు. 612 హార్స్‌పవర్ వీ10 ఇంజన్ (పది సిలిండర్లది), మాన్యువల్ గేరు, తొక్కడం చేతకానివాడు తీసుకుంటే చెమటలు పట్టించే క్లచ్. మొత్తం 1,270 చేసి ఆపేశారు. ఒక పక్క స్కూలు పిల్లల్ని దింపే బండి, ఇంకో పక్క అది, రెండూ ఒకే కప్పు కింద. ఈ సంగతి చదివిన రోజున లేత్ బాబాయ్ దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి తిట్టడానికి కాదు.

అలాగని మీ స్నేహితుల బాధ ఉత్తదని నేను అనను. ముప్పై ఐదేళ్లు బండ్ల కిందే పడుకున్నవాణ్ణి, బరువు ఏం చేస్తుందో నాకు తెలుసు. బరువు పెరిగితే బ్రేకు పెద్దది కావాలి. బ్రేకు పెరిగితే చక్రం పెద్దది కావాలి. చక్రం బరువెక్కితే గుంతలో పడ్డప్పుడు దాన్ని పట్టి ఆపడానికి సస్పెన్షన్ ఇంకా గట్టిగా ఉండాలి. అప్పుడు ఇంజన్ పెంచాలి. ఎక్కడో ఒకచోట ఆగదు. పైగా బరువు ఎత్తులో ఉంటే మలుపులో బండి ఒరుగుతుంది. చిన్న బండిలో రోడ్డు మీద గులకరాయి కూడా స్టీరింగ్‌లో తెలుస్తుంది, ఆ కబురు పెద్ద బండిలో చేతిదాకా రాదు. కుర్రప్పుడు ఒక ఫిబ్రవరిలో రాత్రి రైలెక్కి మద్రాసు పక్కన షోలవరం రేసులకి వెళ్లాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే మీద ఎండలో నిలబడి చూశాను. అక్కడ గెలిచిన బండ్లన్నీ సీట్లు, తివాచీలు, అద్దాలు, ఏది తీయగలిగితే అది తీసేసినవే. ఆ రోజు నా బుర్రలోకెక్కింది ఇప్పటికీ పోలేదు.

అందుకే నాకు లోటస్ అనే ఇంగ్లండు కార్ల కంపెనీ విషయంలో మాత్రం మనసు ఒప్పుకోదు. కోలిన్ చాప్‌మన్ ఆ కంపెనీని కట్టిందే బరువు తగ్గించడం అనే ఒక్క పట్టుదల మీద. ఆయన పోయాక 1996లో వచ్చిన ఎలీస్ అనే చిన్న కారు ఆ పట్టుదలకి నిజమైన వారసురాలు. అచ్చులోంచి లాగిన అల్యూమినియం ముక్కల్ని జిగురుతో అతికించి చేసిన చట్రం, మొత్తం బండి బరువు 725 కిలోల దరిదాపుల్లో. అప్పటి యజమాని తన మనవరాలు ఎలీసా పేరు పెట్టుకున్నాడు దానికి. 2021లో దాన్ని ఆపేశారు. మరుసటి ఏడాది ఎలెట్రె అనే కరెంటు ఎస్‌యూవీని చూపించారు. చైనాలో వూహాన్‌లో తయారవుతుంది. బరువు రెండున్నర టన్నుల దాకా ఉంటుంది, అంటే తక్కెడలో మూడు ఎలీస్‌లు పెట్టినా అటువైపే మొగ్గుతుంది. చేసినవాళ్లు తెలివైనవాళ్లే, బండి వేగంగానే పోతుందట. కానీ లోటస్ బిళ్ల దాని ముక్కు మీద ఎందుకుండాలో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. చైనాలో చేయడం నాకు తప్పుగా అనిపించలేదు, ఆ బరువే అనిపించింది.

లాంబోర్గిని వాళ్ల మీద మాత్రం నాకు ఆ కోపం లేదు. ఫెరూచియో లాంబోర్గిని ట్రాక్టర్లు చేసి సంపాదించిన డబ్బుతోనే 1963లో కార్లు మొదలుపెట్టాడు. 1986లోనే వాళ్లు కౌంటాష్ అనే తమ స్పోర్ట్స్ కారు వీ12 ఇంజన్ని ఎల్‌ఎమ్002 అనే ఎడారి బండిలో పెట్టారు, మూడొందల చిల్లర చేసి ఆపేశారు. ఉరుస్ అనే ఎస్‌యూవీ వచ్చాక 2017లో 3,815గా ఉన్న వాళ్ల అమ్మకాలు 2019కి 8,205 అయ్యాయి. ఉరుస్ గూడు ఆడి క్యూ7దే అని విమర్శిస్తారు, నిజమే. కానీ ఆ తర్వాత వచ్చిన రెవుల్టో అనే స్పోర్ట్స్ కారులో వీ12 ఇంకా ఉంది. నాకు అది చాలు.

ఫెరారీ చాలా ఏళ్లు ఎస్‌యూవీ చేయబోమనే అంటూ వచ్చింది. 2022లో పురోసాంగ్వే తెచ్చి, ఇప్పటికీ దాన్ని ఎస్‌యూవీ అని పిలవదు. మేలుజాతి గుర్రం అని ఆ పేరుకి అర్థం. పేరు ఏదైతేనేం, ముందు వైపు టర్బో లేని వీ12 పెట్టి, గేరుబాక్సు వెనక్కి నెట్టి, బరువు రెండు ఇరుసుల మీద దాదాపు సమానంగా పంచారు. సులువుగా ఇంకొకరి గూడు తెచ్చుకోగలిగినవాళ్లు అంత కష్టం ఎందుకు పడ్డారు? అది నాకు నచ్చింది. ఏడాదిలో చేసే కార్లలో ఇవి అయిదో వంతు దాటకూడదని హద్దు కూడా పెట్టుకున్నారు.

ఇంతా చూశాక నేను ఒక్కటే అడగడం నేర్చుకున్నాను. పెద్ద బండి సంపాదించిన డబ్బు చిన్న బండి దగ్గరికి తిరిగి వస్తోందా? వస్తే నాకు అభ్యంతరం లేదు. ఆ డబ్బుతో ఇంకో పెద్ద బండి, దాని పైన ఇంకోటి చేసుకుంటూ పోతే మాత్రం మీ స్నేహితులకి ఎంత కోపమొచ్చినా నేను వాళ్ల వైపే.

ఇంకో మాట, ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. కిందటేడు మేం వచ్చినప్పుడు జుఫెన్‌హౌజెన్‌లో స్తంభాల మీద నిలబెట్టిన ఆ తెల్ల పోర్షే మ్యూజియం చూపించావు. మర్నాడు మీ ఆఫీసులో పెద్దాయన తన పాత 911లో నన్ను పావుగంట తిప్పాడు. వెనక ఆ ఇంజన్ మోత వింటూ నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, ఆయన చూడకుండా తుడుచుకున్నాను. మీ అమ్మని కూడా ఎక్కమన్నాడు ఆయన. మోకాలు వంగక అమ్మ కూర్చోలేకపోయింది. తలుపు పట్టుకుని ఒకసారి ప్రయత్నించి, నవ్వి పక్కకి జరిగింది. ఆ నవ్వు నేను చూశాను. ఆదివారం నువ్వు కయెన్ అద్దెకి తెచ్చి బ్లాక్ ఫారెస్ట్‌కి తీసుకెళ్లావు. అమ్మ కుర్చీలో కూర్చున్నంత సుళువుగా ఎక్కింది. కొండ మలుపుల్లో నువ్వు కాస్త వేగం పెంచితే "ఇంకొంచెం పోనీ" అన్నది ఎవరో గుర్తుందా? నలభై ఏళ్లుగా నేను ఇంట్లో కార్ల గురించి మాట్లాడుతుంటే కూరగాయలు తరుగుతూ ఊఁ కొట్టిన మనిషి, ఆ రోజు మొదటిసారి ఒక బండి మలుపు తిరుగుతుంటే సంతోషపడింది. నాకు 911లో దొరికింది పావుగంట. అమ్మకి ఆ పెద్ద బండిలో ఒక పూటంతా దొరికింది.

అమ్మని అలా సంతోషపెట్టిన పనే ఇప్పుడు నీ చేతికొచ్చింది. ఎడమ, కుడి చక్రాల్ని కలిపే స్టెబిలైజర్ రాడ్డు మధ్యలో 48 వోల్టుల మోటారు పెట్టి, మలుపులో బండి ఒరగబోతుంటే రాడ్డుని ఎదురు తిప్పి నిటారుగా నిలబెడతారని చెప్పావే, నా కాలంలో దానికి మాకున్నది లావు రాడ్డు ఒక్కటే. లావు పెంచితే మలుపులో బాగుండేది, గుంతలో వెన్ను విరిగేది. రెండిటి మధ్య ఏదో ఒకటి వదులుకోవాల్సి వచ్చేది. ఎత్తైన బండిని 911లా తిప్పడం తేలికైన పని అని నేను అనుకోను. కింద కూర్చున్న బండిని బాగా తిప్పడం కంటే ఇదే కష్టం. ఇక్కడ నేర్చుకున్నది ఏదీ వృథా పోదు. రెండేళ్లాగి ఆ చిన్న బండి టీమ్‌లో చోటు అడుగు, గట్టిగా అడుగు. అప్పటిదాకా ఈ బండి అడుగున నీ చేయి పడ్డ ప్రతి చోటా బోల్టు సరిగ్గా బిగిసి ఉండాలి.

నిన్న అన్న మాటకి ఏమీ అనుకోకు తల్లీ. నువ్వు బాధపడుతుంటే నాకు కాలూ చేయీ ఆడదు.

నాకు ఒక సందేహం ఉంది, తీరిక దొరికినప్పుడు రాయి. నేరుగా పోతున్న రోడ్డు మీద ఒక్క చక్రమే గుంతలో పడితే ఆ మోటారు ఏం చేస్తుంది? వదిలేస్తుందా, పట్టుకుని ఉంటుందా? లేత్ బాబాయ్ వదిలెయ్యాలి అంటున్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను, కానీ ఎంత సేపట్లో వదులుతుంది అన్న దగ్గర మా ఇద్దరికీ కుదరడం లేదు. బొమ్మ గీసి పంపించు, కాగితం మీద గీసి ఫొటో తీసినా చాలు.

అమ్మ గోంగూర పచ్చడి పెట్టింది. మీ వైపు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పు, సీసా గట్టిగా సీలు వేసి ఇస్తాను.

నాన్న